ఐదడుగులు దక్షిణం, నాలుగడుగులు తూర్పు

దసరాకి ఊరికి వెళ్లేసరికి మా ఇంట్లో టీవీ ఆగిపోయి నాలుగు రోజులైంది. కారణం కోతులు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవాళ్లకి ఈ ముక్క వివరించక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా: మా స్లాబ్ మీదికి పొద్దున ఒక మంద, సాయంత్రం ఒక మంద వస్తుంది, అందులో ఒక పెద్దది డిష్ ముందు ఉండే కడ్డీ మీద కూర్చుని బాదం కాయలు తింటుంది. దాని బరువుకి డిష్ ముందుకి వాలిపోయింది. కడ్డీ చివర ఉండి సిగ్నల్‌ని అందుకునే ఎల్ఎన్‌బీ, అమ్మ భాషలో డిష్ ముక్కు, అది కూడా పక్కకి తిరిగిపోయింది.

మెకానిక్‌కి బాపు ఫోన్ చేస్తే ఐదొందలు అడిగాడట, సరే అంటే రేపొస్తా అన్నాడట. ఆ రేపు నాలుగు రోజులుగా నడుస్తోంది. పండగ పూట అతని తిప్పలు అతనివి, ఆ చుట్టుపక్కల పది ఊళ్లకి అతనొక్కడే. కానీ బాపుకి సాయంత్రం యాదగిరి ఛానల్లో వార్తలు లేకపోతే అన్నం సయించదు. "నాలుగు దినాలసంది ఆ నల్ల డబ్బ దిక్కు చూసుకుంట కూసుంటున్న బిడ్డా" అన్నాడు. నేనే చేస్తాలే అన్నాను. మాది నెలనెలా డబ్బులు కట్టే కనెక్షన్ కాదు, డీడీ ఫ్రీ డిష్. బాక్సు, డిష్ ఒకసారి కొనుక్కుంటే అంతే.

చేస్తానని అనేశాను గానీ నా తలలో ఉన్నది చిన్నప్పటి యాంటెన్నా. దూరదర్శన్ రోజుల్లో అన్న పైకెక్కి యాంటెన్నా తిప్పితే, బాపు టీవీ ముందు నుంచి అరిస్తే, నేను గడప మీద నిలబడి ఆ మాటని పైకి చేరవేసేదాన్ని. "అచ్చింది, అచ్చింది... ఆగు ఆగు... పోయింది." ఆ పనిలో నాకు పదేళ్ల అనుభవం ఉంది. తీరా పైకెక్కాక తెలిసిందేమిటంటే ఆ అనుభవం ఇక్కడ పనికిరాకపోగా అడ్డం కూడా పడుతుంది. యాంటెన్నాని తిప్పితే చాలు, వంచే పని లేదు. కొంచెం తేడా ఉన్నా చుక్కలు చుక్కలుగా బొమ్మ కనిపించి, దగ్గరికొచ్చావని చెప్పేది. డిష్ అలా చెప్పదు. కుదిరితే పూర్తి బొమ్మ, కుదరకపోతే నీలం తెర.

ముందు ఎటు చూడాలో తెలియాలి కదా. ఫ్రీ డిష్ ఛానళ్లు వచ్చేది జీశాట్-15 అనే శాటిలైట్ నుంచి. అది భూమధ్యరేఖకి సరిగ్గా పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. భూమి ఎంత వేగంతో తిరుగుతుందో అదీ అంతే వేగంతో తిరుగుతుంది కాబట్టి మనకి ఆకాశంలో మేకు కొట్టినట్టు ఒకేచోట ఉంటుంది. మా ఊరు 79వ డిగ్రీకి కాస్త ఇవతల. అంటే అది మాకు దక్షిణంగా, బాగా తూర్పుకి జరిగి ఉంటుంది. లెక్క కడితే ఉత్తరం నుంచి 141 డిగ్రీలు. ఎత్తు, నేల నుంచి 62 డిగ్రీల పైచిలుకు.

లెక్క తర్వాత కట్టాను లెండి. మొదట నేను చేసింది అందరూ చేసేదే, పక్కింటి డిష్ ఎటుందో చూసి మాది అటు తిప్పాను. దొరకలేదు. ఎదురింటి వాళ్లది చూసి అటు తిప్పాను. దొరకలేదు. కారణం తెలిశాక నాకే నవ్వొచ్చింది, పక్కింటి వాళ్లది టాటా ప్లే, దాని శాటిలైట్ 83 డిగ్రీల దగ్గర, మా ఊరి నుంచి చూస్తే దాదాపు దక్షిణం. ఎదురింటి వాళ్లది ఎయిర్‌టెల్, 108.2 డిగ్రీలు, అది బాగా తూర్పుకి ఉంటుంది, ఎత్తు కూడా తక్కువ. మాది ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంది. పక్కవాళ్లని చూసి తిప్పుకోవాలంటే వాళ్లదీ మీదీ ఒకే శాటిలైట్ అయి ఉండాలి. మా బజార్లో ఫ్రీ డిష్ ఉన్న ఇంకో ఇల్లు ఒక్కటే, వాళ్ల డిష్ మీద కూడా కోతి కూర్చుంది.

తర్వాత ఫోన్లో దిక్సూచి తెరిచాను. ఇనుప పైపు పక్కన ఒక దిక్కు చూపిస్తుంది, రెండడుగులు పక్కకి జరిగితే ఇంకోటి. కింద స్లాబ్ నిండా ఊచలే కదా, ఫోన్‌ని తప్పుపట్టి లాభం లేదు.

అప్పుడు తట్టింది, మా ఇల్లే ఒక దిక్సూచి. ఊళ్లో వాస్తు చూడకుండా ఇటుక ఎవడు పెడతాడు? మా గోడలు తూర్పు పడమరలకి తాడు పట్టి కట్టినవి, వంటిల్లు ఆగ్నేయ మూలనే. శాటిలైట్ ఉన్నది కూడా దాదాపు అటే. అంటే స్లాబ్ మీద పిట్టగోడని ఆధారం చేసుకుంటే దిక్కు దొరికినట్టే. 141 డిగ్రీలంటే దక్షిణం నుంచి తూర్పుకి 39 డిగ్రీలు, ఆ కోణాన్ని గీయడానికి కోణమానిని కూడా అక్కర్లేదు, పైపు మొదలు నుంచి పడమటి పిట్టగోడకి సమాంతరంగా ఐదడుగులు దక్షిణానికి కొలిచి, అక్కడినుంచి నాలుగడుగులు తూర్పుకి కొలిచి, ఆ చుక్కకీ పైపు మొదలుకీ గీత కలిపితే అదే దారి. అమ్మ ముగ్గు డబ్బా తెచ్చి ఆ గీత వేశాను. విజయవాడ వాళ్లకీ ఇదే ఐదుకి నాలుగు సరిపోతుంది. కర్నూలు వాళ్లకి ఐదుకి ఐదు, అంటే సరిగ్గా మూల మీదే. విశాఖ వాళ్లు అసలే తూర్పున ఉన్నారు కాబట్టి ఐదుకి మూడు చాలు. అయితే ఇల్లు దిక్కులకి సరిగ్గా ఉంటేనే సుమా, రోడ్డు వంకరని బట్టి కట్టిన సిటీ ఇళ్ల సంగతి నేను చెప్పలేను.

దిక్కు కుదిరింది. ఇక వంపు. నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది ఇదే, మీకు ఒక్క విషయమే గుర్తుండాలంటే కూడా ఇదే. మన ఇళ్ల మీది డిష్ ఎటు చూస్తున్నట్టు కనిపిస్తుందో అటు చూడదు. ఎల్ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది అంచు వైపు ఉంటుంది చూడండి, అందుకని సిగ్నల్ పైనుంచి ఏటవాలుగా డిష్ మీద పడి, కిందకి మళ్లి దాని మూతిలోకి వెళ్తుంది. ఆ తేడా సాధారణంగా పాతిక డిగ్రీల దగ్గర ఉంటుంది. శాటిలైట్ 62 డిగ్రీల ఎత్తులో ఉంటే డిష్ ముఖం మాత్రం 37, 38 డిగ్రీలకి చూస్తున్నట్టు ఉండాలి. ఎదురింటి వేపచెట్టు కొమ్మలకేసి చూస్తున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఆ చెట్టు మీదుగా ఎక్కడో పైకి చూస్తోంది. ఆ సంగతి తెలీక నేను దాదాపు ముప్పావుగంట డిష్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, ఆకాశం మొత్తం దులిపాను.

వెనక బ్రాకెట్ మీద డిగ్రీల గీతలు ఉంటే అదృష్టం, అవి ఈ తేడా కలిపే వేసి ఉంటాయి, 62 దగ్గర పెడితే చాలు. మాదాని మీద గీతలు తుప్పులో కలిసిపోయాయి. డిష్ పై అంచుకీ కింది అంచుకీ ఆనేలా ఒక చెక్క స్కేలు నిలబెట్టి, దానికి ఫోన్ ఆనించి, వాలు చూపించే యాప్‌తో నిలువు నుంచి వెనక్కి 37 డిగ్రీలు పెట్టాను. పైపు నిటారుగా లేకపోతే ఇదంతా దండగ, ఎందుకంటే డిష్‌ని పక్కకి తిప్పేకొద్దీ వంపు కూడా మారిపోతుంది. దారానికి ఒక నట్టు కట్టి పైపు పక్కన వేలాడదీసి చూశాను. కొంచెం వంగి ఉంది. కింద ఒక రేకు ముక్క దూర్చి సరిచేశాను.

పక్కకి తిప్పడం కంటే వంచడం దగ్గర ఎక్కువ జాగ్రత్త ఎందుకంటే, మన దగ్గర శాటిలైట్ అంత పైన ఉంది కాబట్టి. తల పైకెత్తి నడినెత్తి మీది నక్షత్రాన్ని చూస్తూ ఒళ్లు తిప్పితే అది పెద్దగా కదలదు, తల దించితే మాత్రం తప్పిపోతుంది. అలాగే 62 డిగ్రీల ఎత్తులో పక్కకి రెండు డిగ్రీలు తప్పినా ఆకాశంలో అది ఒక్క డిగ్రీ కంటే తక్కువే. వంపులో తప్పిన ప్రతి డిగ్రీ మాత్రం పూర్తి డిగ్రీ. రెండడుగుల డిష్ అంచు దగ్గర ఒక డిగ్రీ అంటే అర సెంటీమీటరు. అక్కడ పైన అదే ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది. కోతి చేసిన నష్టం వంపులో ఉంటే నేను మాత్రం యాంటెన్నా అలవాటు కొద్దీ గంటసేపు పక్కలకే తిప్పుకుంటూ కూర్చున్నాను.

ఇక కింద బాక్సు దగ్గరి సంగతి. సెట్టింగ్స్‌లో సిగ్నల్ చూపించే చోట రెండు పట్టీలు ఉంటాయి, స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ డెబ్బై చూపిస్తోందని మా మేనల్లుడు సంబరపడిపోయాడు. ఆ పట్టీని నమ్మకండి, ఎల్ఎన్‌బీకి కరెంటు అందుతుంటే చాలు, డిష్ గోడకేసి చూస్తున్నా అది ఎంతో కొంత చూపిస్తుంది. మనకి కావాల్సింది క్వాలిటీ. అది సున్నా. ఎటు తిప్పినా, ఎంత వంచినా సున్నా. చివరికి అనుమానమొచ్చి కిందకి దిగి చూస్తే, ఈ నాలుగు రోజుల్లో ఎవరో రిమోట్‌తో ప్రయోగాలు చేసినట్టున్నారు, ఎల్ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ దగ్గర 5150 ఉంది. అది ఇంతకంటే చాలా పెద్దగా ఉండే పాతకాలం డిష్‌లది, సీ-బ్యాండ్. మన చిన్న డిష్‌కి 9750, 10600 ఉన్న యూనివర్సల్ పెట్టాలి. మేనల్లుడు వెంటనే బాత్రూమ్‌కి వెళ్లాలన్నాడు. వాణ్ని ఏమీ అనలేదు, ముందు ఇది చూసుకోకుండా పైకెక్కింది నేనే కదా. శాటిలైట్ జీశాట్-15, ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేట్ 29500 అని పెట్టి, మళ్లీ మెట్లెక్కాను.

ఆ రోజు సద్దుల బతుకమ్మ. అమ్మ అరుగు మీద తంగేడు, గునుగు, బంతిపూలు కుప్పపోసుకుని తాంబాళంలో పేరుస్తోంది. బాపు లోపల నంబరు చెప్తే అమ్మ పైకి అరవాలన్నది నా ప్లాను. నాలుగుసార్లు అరిచి, "నేను పూలు పేర్సాల్నా, నీ నంబర్లు ఒర్రాల్నా?" అంది. న్యాయమే. బాపు ఫోన్‌కి వీడియో కాల్ చేసి, దాన్ని టీవీ ఎదురుగా స్టీలు చెంబుకి ఆనించి నిలబెట్టమన్నాను. ఇప్పుడు ఆ పట్టీ నా ఫోన్లోనే కనిపిస్తోంది.

కాకపోతే ఆలస్యం. బాక్సు సిగ్నల్ పట్టుకోవడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది, పైగా మా ఊళ్లో నెట్ సంగతి చెప్పక్కర్లేదు. నేను కదిపిన దానికి ఫలితం ఐదారు సెకన్ల తర్వాత కనిపిస్తోంది. అందుకని పద్ధతి మార్చాను. వంపు నట్లు బిగించేసి, ముగ్గు గీతకి అటొక జానెడు ఇటొక జానెడు, డిష్‌ని వేలి మందం జరపడం, చేతులు తీసేయడం, ఆరు అంకెలు లెక్కపెట్టడం, మళ్లీ జరపడం. ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చినా సున్నానే అయితే వంపు ఒక డిగ్రీ మార్చి మళ్లీ మొదటి నుంచి. చేతులు తీసేయడం మర్చిపోవద్దు, మన చెయ్యి బరువుకే అది వంగుతుంది, చెయ్యి ఉన్నంతసేపు దొరికిన సిగ్నల్ తీయగానే పోతుంది.

మూడో విడతలో, నేను నాలుగు అని లెక్కపెడుతుండగా, పట్టీ సున్నా నుంచి ఒక్కసారిగా 38కి లేచి ఎర్రరంగు పోయి పచ్చబడింది. ఫోన్లో బాపు మొహం అడ్డం వచ్చింది. "అచ్చింది బిడ్డా! దిగు ఇగ."

దిగలేదు. ఇక్కడే చాలామంది మెకానిక్‌లు కూడా దిగిపోతారు. పోయినసారి బిగించినతను బొమ్మ రాగానే డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు, ఆ వానాకాలమంతా నాలుగు చినుకులు పడితే చాలు మనుషులు చదరాలు చదరాలుగా విరిగిపోయేవాళ్లు. ఈ ఫ్రీక్వెన్సీల్ని వాన నీళ్లు మింగేస్తాయి, గట్టి వానకి ఏ డిష్ అయినా ఆగుతుంది, కానీ తుంపరకి ఆగిందంటే అది సిగ్నల్ అంచున వేలాడుతోందని అర్థం. బొమ్మ వచ్చిన చోటు అంచు, నడిబొడ్డు కాదు. దాన్ని ఎలా పట్టుకోవాలంటే, ఎడమకి జరుపుతూ పోయి క్వాలిటీ పూర్తిగా పడిపోయే చోట పైపు మీద సుద్దతో ఒక గీత, కుడికి జరుపుతూ పోయి పడిపోయే చోట ఇంకో గీత, డిష్ ఆ రెండింటి నట్టనడుమ. వంపుకి కూడా అంతే, పైకొక గీత, కిందకొక గీత, నడుమ. అలా చేస్తే 38 కాస్తా 57 అయింది.

చివరగా ఎల్ఎన్‌బీ. కడ్డీ చివరి బిగింపు వదులు చేసి దాన్ని దాని గుంటలోనే గుండ్రంగా మెల్లిగా తిప్పాలి. సిగ్నల్ నిలువుగా పంపినా, శాటిలైట్ మనకి అంత తూర్పుకి ఉంది కాబట్టి ఇక్కడికి చేరేసరికి అది ఏటవాలుగా ఉంటుంది, ఎల్ఎన్‌బీ కూడా ఆ మేరకు మెడ వాల్చుకోవాలి. ఎటు, ఎంత అని ఆలోచించకుండా అటూ ఇటూ తిప్పి పట్టీని చూశాను. 71 దగ్గర ఆగింది. కేబుల్ చివర కూడా పచ్చగా చిలుము పట్టి ఉంటే, కింద బాక్సు స్విచ్ ఆపించి (ఆ తీగలోనే పైకి కరెంటు వెళ్తుంది, లోపలి రాగి తీగ దాని చుట్టూ ఉండే జాలీకి తగిలితే బాక్సు కాలిపోవచ్చు), ఒక అంగుళం కోసి కొత్త కనెక్టర్ వేశాను. నట్లు బిగించేటప్పుడు ఒకేదాన్ని పూర్తిగా బిగించొద్దు, నాలుగూ కొంచెం కొంచెంగా, ఒక కన్ను పట్టీ మీదే. బిగించాక నట్ల మీద నా గోళ్ల రంగుతో అడ్డగీత పెట్టాను, మళ్లీ కోతి కదిపితే ఎంత కదిలిందో దాన్ని చూస్తే తెలుస్తుంది. పైపు చుట్టూ తుమ్మకంప కట్టించాడు బాపు. ఆ సాయంత్రం వార్తలు చూస్తూ అన్నం తిన్నాడు, నాతో ఏమీ అనలేదు, పప్పు ఇంకాస్త వేయించుకున్నాడు.

తెల్లారి అక్టోబర్ ఒకటి. పొద్దున పదకొండు కావస్తుంటే టీవీ మళ్లీ చదరాలు చదరాలుగా విరిగి ఆగిపోయింది. మబ్బు లేదు, గాలి లేదు. బాపు టీవీ వైపు కాకుండా నా వైపు చూశాడు. నేను కోతిని తిట్టుకుంటూ స్పానర్ పట్టుకుని పైకి పరిగెత్తాను. కోతి లేదు. తుమ్మకంప కదల్లేదు, గోళ్ల రంగు గీతలు కలిసే ఉన్నాయి. నట్టు మీద స్పానర్ పెట్టబోతూ చూశాను, డిష్ నిండా ఎండ, ఎక్కడా నీడ లేదు, ఎల్ఎన్‌బీ తెల్లటి మూతి మీద మాత్రం మసకగా ఒక వెలుగు మచ్చ. వెనక్కి తిరిగితే సూర్యుడు సరిగ్గా ముగ్గు గీత పోయే దిక్కున, వేపచెట్టుకి చాలా పైన.

మా ఊరికి మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబర్ మొదట్లో ఒకసారి, కొన్ని రోజులపాటు పదకొండుకి అటూ ఇటూ సూర్యుడు ఈ శాటిలైట్‌కి సరిగ్గా వెనక్కి వస్తాడు. సూర్యుడి రేడియో రొదలో దాని సన్నటి గొంతు వినిపించదు, అంతే. డిష్ ఎక్కడికి చూడాలో అక్కడికే చూస్తోంది, అందుకే ఆగింది. స్పానర్ జేబులో పెట్టుకుని పిట్టగోడ మీద కూర్చున్నాను.

ఏడు నిమిషాలయ్యాక కింది నుంచి బాపు, "అచ్చింది! ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలే బాపు."

"గట్లనే ఉంచు మరి, ముట్టకు."